లాలాజల గ్రంథుల అరుదైన కణితులు: కోవిల్పట్టి, విరుదునగర్ ప్రాంతంలో నిర్ధారణ

చెవి కింద, దవడ కింద, నాలుక కింద, అంగిలి మీద, పెదవి లోపలి వైపు ఉండే ఉమ్మి గ్రంథుల్లో పుట్టే గడ్డలను లాలాజల గ్రంథుల కణితులు అంటారు. తల, మెడ భాగాల్లో వచ్చే కణితులన్నింటిలో వీటి వాటా సుమారు 3 నుంచి 6 శాతం. రోగుల సంఖ్య తక్కువే గాని రకాలు చాలా ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వెలువరించిన అయిదో వర్గీకరణలో ప్రాణాంతకమైనవే ఇరవైకి పైగా ఉన్నాయి. నిరపాయమైన రకాలు వీటికి అదనం. అందుకే ఒక జిల్లా కేంద్రంలో ముప్పై ఏళ్లు పనిచేసిన పాథాలజిస్టు కూడా వీటిలో కొన్నింటిని పుస్తకంలో తప్ప స్లైడు మీద చూసి ఉండకపోవచ్చు.

తమిళనాడు దక్షిణ భాగంలోని కోవిల్పట్టి, విరుదునగర్ ప్రాంతంలో ఇలాంటి గడ్డ కనిపించినప్పుడు నిర్ధారణ ఏయే మెట్లు దాటాలో, ఎక్కడ దారి తప్పే ప్రమాదం ఉందో ఈ వ్యాసం వివరిస్తుంది. మహానగరంలో చేసే జన్యు పరీక్ష ఎంత గొప్పదైనా, దానికి అందే కండ ముక్క చిన్న ఊళ్లో తయారైనదే. గడ్డను మొదట ముట్టుకున్న చేయి సరిగా పనిచేస్తేనే చివరి నివేదిక సరిగా వస్తుంది.

గ్రంథులు, వాటి స్థానం

పెద్ద గ్రంథులు మూడు జతలు: చెవి ముందు, కింద పరుచుకుని ఉండే పరోటిడ్, దవడ ఎముక కింద ఉండే సబ్‌మాండిబ్యులర్, నాలుక అడుగున ఉండే సబ్‌లింగ్వల్. ఇవి కాక అంగిలి, పెదవులు, బుగ్గల లోపలి పొర, నాలుక, గొంతు పొడవునా 600 నుంచి 1000 దాకా చిన్న గ్రంథులు చెల్లాచెదురుగా ఉంటాయి. అన్నీ కలిసి రోజుకు అర లీటరు నుంచి ఒకటిన్నర లీటరు వరకు లాలాజలం ఊరుస్తాయి.

కణితుల్లో నూటికి 70–80 పరోటిడ్‌లోనే పుడతాయి. అయితే వాటిలో క్యాన్సర్లు నాలుగో వంతుకు మించవు. సబ్‌మాండిబ్యులర్ గ్రంథిలో ఆ భాగం 40 శాతం దాటుతుంది. చిన్న గ్రంథుల్లో సగానికి పైగా, నాలుక కింది గ్రంథిలో అయితే అత్యధిక భాగం ప్రాణాంతకమైనవే. గ్రంథి చిన్నదయ్యే కొద్దీ అనుమానం పెద్దదవ్వాలని వైద్య విద్యార్థులకు చెప్పే సూత్రం దీని నుంచే వచ్చింది. పెదవుల విషయంలోనూ ఒక తేడా ఉంది. కింది పెదవి లోపల నీటి బుడగలాంటి వాపు చాలాసార్లు పంటి గాటు వల్ల వచ్చిన మామూలు బొబ్బే. పై పెదవిలో గట్టిగా తగిలే బిళ్ల మాత్రం నిజమైన కణితి అయ్యే అవకాశమే ఎక్కువ.

పరోటిడ్ గ్రంథి మధ్యగా ముఖ నాడి వెళుతుంది. కన్ను మూయడం, నవ్వడం, పెదవి కదపడం దాని అయిదు కొమ్మల పని. ఈ గ్రంథి మీద తొందరపడి కత్తి పెట్టకూడదనడానికి ఈ నాడి ఒక్కటే చాలు.

ప్రాంతం

కోవిల్పట్టి తూత్తుకుడి జిల్లాలోనిది. విరుదునగర్ 1985లో పాత రామనాథపురం జిల్లా నుంచి విడివడిన జిల్లాకు కేంద్రం. రెండూ మదురై నుంచి తిరునల్వేలికి వెళ్లే 44వ జాతీయ రహదారి మీద ఉన్నాయి. ఈ రెంటి నడుమ సాత్తూరు, పక్కన శివకాశి. ఇది నల్లరేగడి నేల. అగ్గిపెట్టెలు, బాణసంచా, పత్తి, మిరప, 2020లో భౌగోళిక గుర్తింపు పొందిన కోవిల్పట్టి వేరుశనగ మిఠాయి ఇక్కడి బతుకుతెరువులు. విజయనగర, నాయక రాజుల కాలంలో దిగివచ్చిన కమ్మవారు, రాజకంబళం నాయకర్లు, రెడ్లు, వారితో పాటు అరుంధతీయుల కుటుంబాలు అనేకం ఈ పల్లెల్లో ఇప్పటికీ ఇంట్లో తెలుగే మాట్లాడతాయి. కోవిల్పట్టి దగ్గరి ఇడైచేవల్‌లో 1923లో పుట్టిన తమిళ రచయిత కి. రాజనారాయణన్ ఇలాంటి తెలుగు ఇంటి బిడ్డే. ఇంట్లో తెలుగు, ఆసుపత్రిలో తమిళం, నివేదికలో ఇంగ్లీషు నడిచే ఈ చోట వృద్ధురాలు తన గడ్డ గురించి చెప్పే వివరాలు ఎంతవరకు కేస్ షీటు దాకా చేరతాయన్నది వైద్యుల ఓపిక మీద ఆధారపడిన విషయం.

అగ్గిపెట్టెల గంధకం, బాణసంచా మందు వల్ల ఈ కణితులు వస్తాయా అన్న ప్రశ్న ఈ ప్రాంతంలో సహజం. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ లాలాజల గ్రంథుల క్యాన్సర్‌కు గట్టి సాక్ష్యం ఉందని ఒప్పుకున్న కారకం ఎక్స్, గామా కిరణాలు. హిరోషిమా, నాగసాకి బాధితుల్లో ఇది కనిపించింది. అగ్గిపెట్టెల పని ఆ జాబితాలో లేదు. పొగాకు, వక్క నోటి క్యాన్సర్‌ను తెచ్చినంత సూటిగా ఈ క్యాన్సర్లను తేవు. పొగతాగడంతో గట్టి సంబంధం ఉన్నది వార్థిన్ కణితికి. అది నిరపాయమైనది. కాబట్టి చుట్ట, బీడీ, వక్క ఏ అలవాటూ లేని మనిషికి క్యాన్సర్ రాదులే అన్న ధీమా ఇక్కడ పనికిరాదు.

ఈ ప్రాంతపు రోగి మొదట వెళ్లేది సాధారణంగా పంటి డాక్టరు దగ్గరికో, వీధి చివరి క్లినిక్‌కో, కోవిల్పట్టి ప్రభుత్వ ఆసుపత్రికో. ఆ పైన 1954 నాటి మదురై వైద్య కళాశాల, దాని రాజాజీ ఆసుపత్రి, 1965 నాటి తిరునల్వేలి కళాశాల, తర్వాత వచ్చిన తూత్తుకుడి కళాశాల ఉన్నాయి. 2022 జనవరి 12న ఒకేసారి ప్రారంభమైన 11 తమిళనాడు ప్రభుత్వ వైద్య కళాశాలల్లో విరుదునగర్ కూడా ఒకటి. దానితో జిల్లా కేంద్రంలోనే పాథాలజీ, చెవి ముక్కు గొంతు విభాగాలున్న బోధనాసుపత్రి ఏర్పడింది. ఇంకా పై మెట్టు 500 కిలోమీటర్లకు పైగా దూరంలోని చెన్నై. అక్కడి అడయారులో ముత్తులక్ష్మి రెడ్డి చొరవతో 1954లో మొదలైన క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ దక్షిణాది క్యాన్సర్ వైద్యానికి పునాది వేసిన సంస్థల్లో ఒకటి.

గడ్డ అడిగే ప్రశ్నలు

చెవి కింద వాపు అనగానే ఊళ్లో ఎవరికైనా మొదట గుర్తొచ్చేది గవదబిళ్లలు. తమిళ ఇళ్లలో పిల్లలకు ఈ జబ్బు వస్తే మెడలో బంగారు గొలుసు వేసే ఆచారం ఇప్పటికీ ఉంది. గవదబిళ్లలు జ్వరంతో, నొప్పితో వచ్చి వారం పది రోజుల్లో తగ్గిపోతాయి. గొలుసు వేసినా వేయకపోయినా అవి తగ్గుతాయి కాబట్టి ఆ ఆచారం వల్ల హాని లేదు. పెద్దవాళ్లలో నెలల తరబడి నొప్పి లేకుండా ఉండిపోయిన గడ్డను కూడా అదే కోవలోకి నెట్టి ఊరుకున్నప్పుడే హాని జరుగుతుంది. ఈ కణితుల్లో చాలావాటికి నొప్పి ఉండదు. ‘నొప్పి లేదు కదా’ అన్న ఓదార్పు వల్ల పోయినంత కాలం మరే కారణం వల్లా పోదు.

తినేటప్పుడు ఉబ్బి తర్వాత తగ్గే దవడ కింది వాపు చాలాసార్లు గ్రంథి నాళంలో రాయి. ఈ రాళ్లలో నూటికి 80 దాకా సబ్‌మాండిబ్యులర్ గ్రంథిలోనే ఏర్పడతాయి. సాయంత్రపు జ్వరం, బరువు తగ్గడం, మెడలో బిళ్లకట్టడం ఉంటే క్షయ. మన దేశంలో పరోటిడ్ లోపలి లింఫు బిళ్లలకు క్షయ సోకి కణితిని అచ్చంగా అనుకరించడం కొత్త కాదు. కళ్లు, నోరు ఎండిపోయి రెండు వైపులా గ్రంథులు ఉబ్బితే షోగ్రెన్ వ్యాధి. అలాంటి గ్రంథిలో ఒక వైపు వాపు గట్టిపడుతూ ఉంటే లింఫు కణాల క్యాన్సర్ అయిన లింఫోమాను అనుమానించాలి. 1896లో జర్మన్ వైద్యుడు కుట్నర్ వర్ణించిన దవడ కింది గట్టి వాపు క్యాన్సర్ కాదు. దానిలో చాలా కేసులు రోగనిరోధక వ్యవస్థకు చెందిన ఐజీజీ4 వ్యాధి అని ఇప్పుడు తెలుసు. నెత్తి మీదో చెవి దగ్గరో పూర్వం తీసేసిన చర్మ క్యాన్సర్ ఉంటే అది పరోటిడ్ బిళ్లల్లోకి చేరి ఉండొచ్చు. రోగి ఆ పాత పుండును మరిచిపోయి ఉంటాడు. వైద్యుడే గుర్తుచేసి అడగాలి.

అనుమానాన్ని పెంచే గుర్తులు కొన్ని ఉన్నాయి: గడ్డ ఉన్నట్టుండి వేగంగా పెరగడం, కదపబోతే కదలకపోవడం, పై చర్మం పట్టేయడం, మెడలో బిళ్లలు, తిమ్మిరి. అన్నింటికంటే బలమైనది గడ్డ ఉన్న వైపు ముఖం వాలిపోవడం. పక్షవాతం గాలి తగిలిందని నాటు వైద్యానికి వెళ్లే వాళ్లున్నారు. చెవి కింద గడ్డతో పాటు మూతి వంకర పోతే, కాదని తేలేంత వరకు అది క్యాన్సరే అనుకుని పరీక్షించాలి.

నోరు తెరిపించి చూడకుండా ఈ పరీక్ష పూర్తి కాదు. పరోటిడ్ లోపలి తమ్మె నుంచి పెరిగిన కణితి బయట కనిపించకుండా గొంతులో టాన్సిల్‌ను ముందుకు నెడుతుంది. అంగిలి మీద పుండు లేని నున్నటి ఉబ్బును పంటి వేరు చీముగడ్డ అనుకుని కోసిన సందర్భాలు వైద్య పత్రికల్లో ఎన్నో. ఈ విషయంలో పంటి డాక్టర్ల పాత్ర పెద్దది. కట్టుడు పళ్ల కొలతల కోసం వచ్చిన మనిషి అంగిలిని వేలితో తడిమే ఆ ఒక్క నిమిషం ఒక ప్రాణాన్ని కాపాడగలదు. జాతీయ కార్యక్రమం కింద 30 ఏళ్లు దాటినవారికి చేసే క్యాన్సర్ తనిఖీ నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారాలకే పరిమితం. లాలాజల గ్రంథులకు విడిగా తనిఖీ లేదు. కాబట్టి నోటి తనిఖీ చేసే నర్సు అంగిలినీ, చెవి కింది భాగాన్నీ కూడా తడిమి చూస్తే అదనపు ఖర్చు లేకుండానే మేలు జరుగుతుంది.

స్కానింగ్

మొదటి స్కాన్ అల్ట్రాసౌండ్. చవక, చిన్న ఊళ్లలోనూ దొరుకుతుంది. గడ్డ గ్రంథిలోనిదా, పక్కనున్న బిళ్లలోనిదా, నీటి తిత్తా, రాయా అన్నది తేల్చడంతో పాటు సూదిని సరైన చోటికి నడిపిస్తుంది. లోపలి తమ్మె, పుర్రె అడుగు, నాడి వెంట పాకిన జాడ కావాలంటే ఎంఆర్‌ఐ తీయాలి. అంగిలి ఎముక తిన్నదా లేదా చూడడానికి సీటీ. ఊపిరితిత్తుల సీటీ కూడా కొన్ని రకాల్లో తప్పనిసరి. పెట్ స్కాన్ మీద మాత్రం ఇక్కడ ఎక్కువ ఆశ పెట్టుకోకూడదు. నిరపాయమైన వార్థిన్ కణితి కూడా అందులో మండుతూ కనిపించి భయపెడుతుంది, నెమ్మదిగా పెరిగే అసలు క్యాన్సర్ మసకగా ఉండిపోతుంది.

సూది పరీక్ష

సన్నని సూదితో గడ్డలోని కణాలను లాగి గాజు పలక మీద పరిచి చూడడమే సూది పరీక్ష. మందు ఇచ్చి మత్తు కలిగించాల్సిన అవసరం లేదు, ఆసుపత్రిలో పడుకోనక్కర్లేదు. అనుభవం ఉన్న చేతిలో ఇది ఈ గ్రంథులకు అతి ఉపయోగకరమైన తొలి పరీక్ష. క్షయ అనుమానం ఉంటే అదే సూదిలో మిగిలిన పదార్థాన్ని క్షయ జన్యు పరీక్షకు పంపవచ్చు.

దీని నివేదికల్లో ఒకప్పుడు ఒక్కో ల్యాబుది ఒక్కో భాష. శస్త్రవైద్యుడికి దాని నుంచి ఏం చేయాలో తేలేది కాదు. 2015లో ఇటలీలోని మిలాన్ నగరంలో జరిగిన సమావేశంలో మొదలైన ప్రయత్నం 2018లో పుస్తకంగా వచ్చింది. మిలాన్ పద్ధతి అని పేరుపడిన ఇందులో ఆరు తరగతులున్నాయి. తొలి ప్రతి అంచనాల ప్రకారం ‘నమూనా చాలదు’ అన్న నివేదిక వచ్చినవారిలో చివరికి క్యాన్సర్ బయటపడే అవకాశం సుమారు 25 శాతం, ‘కణితి కాదు’ అన్నదానిలో 10, ‘తేల్చలేని మార్పులు’ అన్నదానిలో 20. నాలుగో తరగతి రెండు పాయలు: ‘నిరపాయ కణితి’ అంటే 5 శాతం లోపు; ‘కణితే, స్వభావం తేలలేదు’ అంటే 35. ‘ప్రాణాంతకమని అనుమానం’ 60, ‘ప్రాణాంతకం’ 90. రెండో ప్రతి 2023లో వచ్చింది.

వీటిలో రోగి బంధువులు ఎక్కువగా పొరపడేది మొదటి తరగతి దగ్గర. నమూనా చాలలేదంటే జబ్బు లేదని కాదు, సూది మళ్లీ వేయించుకోవాలని. నాలుగో వంతు మందిలో క్యాన్సర్ ఉండగల నివేదికను చేతిలో పెట్టుకుని ‘ఏమీ లేదన్నారు’ అని ఊరికి తిరిగి వెళ్లడం చేజేతులా ప్రమాదాన్ని కొని తెచ్చుకోవడమే. ఈ మాట రోగికి అర్థమయ్యే భాషలో చెప్పాల్సింది ఆ నివేదిక ఇచ్చినవారే.

సూదికి హద్దులున్నాయి. చిన్న, గుండ్రని, నీలి కణాలు గుంపులుగా కనిపిస్తే అది నిరపాయమైన బేసల్ సెల్ అడినోమానా, ప్రాణాంతకమైన అడినాయిడ్ సిస్టిక్ కార్సినోమానా అన్నది కణాలను బట్టి చాలాసార్లు చెప్పలేం. చుట్టుపక్కల కండలోకి చొచ్చుకుపోయిందా లేదా అన్నదే ఆ రెంటికీ ముఖ్యమైన తేడా. సూదిలో వచ్చిన విడి కణాల్లో ఆ సంగతి ఉండదు. అలాంటప్పుడు అల్ట్రాసౌండ్ చూస్తూ కొంచెం లావు సూదితో సన్నని కండ పోగును తీస్తారు. ఆపరేషన్ బల్ల మీదే ముక్కను గడ్డకట్టించి చూసే ఫ్రోజెన్ సెక్షన్ మదురై వంటి కేంద్రాల్లో సాయపడుతుంది.

ఇక చేయకూడనిది ఒకటుంది. చెవి కింది గడ్డను, దవడ కింది గడ్డను నేరుగా కోసి అందులోంచి ముక్క తీయకూడదు. కొవ్వుగడ్డ అనుకుని క్లినిక్‌లో చిన్న గాటు పెట్టి తోడేయడమూ అంతే. పరోటిడ్‌లో అన్నింటికంటే తరచుగా వచ్చే ప్లియోమార్ఫిక్ అడినోమా నిరపాయమైనదే. దాని పొర పలుచన, అక్కడక్కడ పొర దాటి మొటిమల్లా పొడుచుకొచ్చి ఉంటుంది. పొర చిరిగితే కణాలు గాయంలో చెదిరిపోయి ఏళ్ల తర్వాత ఒకటి కాదు, పదుల కొద్దీ చిన్న గడ్డలుగా మొలుస్తాయి. అప్పుడు ముఖ నాడిని కాపాడుతూ తీయడం అసాధ్యమనేంత కష్టం. అలాగని వదిలేయడమూ తప్పే. ఇది క్యాన్సర్‌గా మారే అవకాశం మొదటి అయిదేళ్లలో 1.5 శాతమని, పదిహేనేళ్లు దాటితే 9.5 శాతం వరకు పెరుగుతుందని వైద్య గ్రంథాలు చెబుతాయి. సరైన పద్ధతి, నాడిని గుర్తించి చుట్టూ ఆరోగ్యకరమైన గ్రంథి అంచుతో సహా గడ్డను మొత్తంగా తీయడం. ఆ ఆపరేషనే చికిత్స, అదే పూర్తి నిర్ధారణ కూడా. అంగిలి, పెదవి వంటి చోట్ల పైకి కనిపించే గడ్డల విషయం వేరు. అక్కడ చిన్న ముక్క తీసి పంపడం సరైనదే.

సూక్ష్మదర్శిని కింద

ఈ కణితులకు పేర్లు పెట్టే పని దాదాపు 170 ఏళ్లుగా సాగుతోంది. 1853లో ఫ్రాన్స్‌లో రోబాన్, అతని సహచరులు ఒక వింత కణితిని వర్ణించారు. 1859 నాటికి శస్త్రవైద్యుడు బిల్‌రోత్ దానికి సిలిండ్రోమా అని పేరు పెట్టాడు. అదే ఇప్పటి అడినాయిడ్ సిస్టిక్ కార్సినోమా. 1945లో న్యూయార్క్ మెమోరియల్ ఆసుపత్రికి చెందిన స్టూవర్ట్, ఫూట్, బెకర్ మ్యూకోఎపిడెర్మాయిడ్ కణితిని వేరు చేశారు. 1953లో ఫూట్, ఫ్రేజెల్ పెద్ద గ్రంథుల కణితులను తొలిసారి క్రమంగా అమర్చారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ 1972లో మొదలై 1991, 2005, 2017 ప్రతుల మీదుగా ప్రస్తుత రూపానికి వచ్చింది. ప్రతిసారీ కొన్ని పేర్లు పోయాయి, కొన్ని చీలాయి. పదిహేనేళ్ల నాటి నివేదికలోని పేరు నేడు చెల్లకపోవచ్చు.

మ్యూకోఎపిడెర్మాయిడ్ కార్సినోమా ఈ గ్రంథుల్లో అత్యంత తరచుగా కనిపించే క్యాన్సర్, పిల్లల్లో కూడా ఇదే. శ్లేష్మం ఊరించే కణాలు, చర్మ కణాల్లాంటివి, ఈ రెంటికీ నడిమి రకం కలిసి ఉంటాయి. తక్కువ తీవ్రత ఉన్నది ఎక్కువగా నీటి తిత్తిలా ఉంటుంది. సూదిలో నీరే వచ్చి క్యాన్సర్ తప్పిపోయే ప్రమాదం ఇక్కడే.

అడినాయిడ్ సిస్టిక్ కార్సినోమా నెమ్మదైనది, కానీ వదలనిది. కణాలు జల్లెడ రంధ్రాల్లా అమరి ఉంటాయి. నాడుల వెంట పాకడం దీని స్వభావం. అందుకే నొప్పి, తిమ్మిరి. ఆపరేషన్ జరిగి పదేళ్లు గడిచాక ఊపిరితిత్తుల్లో తేలడం దీనికి మామూలు. అయిదేళ్లు బాగుంటే నయమైనట్టే అన్న లెక్క ఈ జబ్బుకు వర్తించదు. ఈ పేరు నివేదికలో ఉన్న రోగి జీవితాంతం తనిఖీకి వెళ్లాలి.

అసినిక్ సెల్ కార్సినోమా లాలాజలం ఊరించే అసలు కణాలనే పోలి ఉంటుంది. అంత మామూలుగా కనిపించడం వల్లే ఒక్కోసారి ఆరోగ్యకరమైన గ్రంథి అనుకుని దాటేస్తారు. 2010లో చెక్ పాథాలజిస్టు అలీనా స్కాలోవా, ఆమె బృందం 16 కేసులతో ఒక కొత్త కణితిని ప్రకటించారు. రొమ్ములో వచ్చే అరుదైన స్రావక క్యాన్సర్‌కు ఇది జంట. ఇప్పుడు దీని పేరు సెక్రెటోరీ కార్సినోమా. అంతకుముందు దీన్ని ఎక్కువగా అసినిక్ సెల్ కార్సినోమా అనే పిలిచేవారు. అంటే ఈ ప్రాంతపు పాత రిజిస్టర్లలో అసినిక్ సెల్ అని రాసి ఉన్నవాటిలో కొన్ని నిజానికి ఇవే కావచ్చు.

లాలాజల నాళ క్యాన్సర్ ఉగ్రమైనది. ఎక్కువగా వయసు మళ్లిన మగవారికి వస్తుంది. పురుష హార్మోన్ గ్రాహకం ఇందులో దాదాపు ఎప్పుడూ ఉంటుంది. కొంతమందిలో రొమ్ము క్యాన్సర్లోలా హెర్2 ప్రోటీన్ కూడా. కణాల్లో ఈ రెంటినీ చూపే రంగు పరీక్షలు చేయించడం చికిత్సకు నేరుగా పనికొస్తుంది. పాలీమార్ఫస్ అడినోకార్సినోమా 1983లో గుర్తింపు పొందింది, అంగిలి దీని ఇష్టమైన చోటు. నాడుల చుట్టూ చేరడం వల్ల అడినాయిడ్ సిస్టిక్‌గా పొరబడడం సాధారణం. ఈ రెంటిని విడదీయడానికి చవకైన జత రంగులున్నాయి. పాలీమార్ఫస్‌లో సాధారణంగా పీ63 అంటుతుంది, పీ40 అంటదు. ఎపిథీలియల్–మయోఎపిథీలియల్, పారదర్శక కణ, ఇంట్రాడక్టల్, బేసల్ సెల్ వంటివి ఇంకా అరుదు.

తిరగబడిన పొరపాటు కూడా ఉంది. అంగిలి మీద ఒక్కసారిగా పుండు పడి లోతుగా గుంత తేలితే, ముక్క పరీక్షలో కణాలు క్యాన్సర్‌ను తలపిస్తే, అది నెక్రొటైజింగ్ సియలోమెటాప్లేసియా కావచ్చు. 1973లో ఏబ్రమ్స్, మెల్‌రోజ్, హోవెల్ దీన్ని వర్ణించారు. రక్తం అందక గ్రంథి చచ్చిపోవడం వల్ల వచ్చేది ఇది. కొన్ని వారాల్లో దానంతటదే మానుతుంది. దీన్ని క్యాన్సర్ అనుకుని దవడ తీసేసిన కేసులు వైద్య చరిత్రలో ఉన్నాయి. అందుకే పంపిన కాగితం మీద పుండు ఎన్నాళ్ల నాటిదో రాయడం ముక్క పంపడమంత ముఖ్యం. ‘అంగిలి పుండు, పరీక్ష చేయగలరు’ అన్న నాలుగు మాటల ఉత్తరం పాథాలజిస్టు కళ్లకు గంతలు కట్టినట్టే.

జన్యువుల సాక్ష్యం

రంగులు తేల్చలేని చోట జన్యువులు తేలుస్తాయి. ఈ కణితుల్లో అనేకం ఒక్కో ప్రత్యేకమైన జన్యు అతుకుతో వస్తాయి. రెండు క్రోమోజోముల ముక్కలు చోటు మారి అతుక్కోవడం వల్ల కొత్త జన్యువు పుడుతుంది. మ్యూకోఎపిడెర్మాయిడ్‌లో సీఆర్‌టీసీ1–ఎంఏఎంఎల్2 అతుకు 2003లో తెలిసింది. అడినాయిడ్ సిస్టిక్‌లో ఎంవైబీ–ఎన్‌ఎఫ్‌ఐబీని 2009లో స్వీడన్ బృందం చూపించింది. పారదర్శక కణ కార్సినోమాలో ఈడబ్ల్యూఎస్ఆర్1–ఏటీఎఫ్1 సంగతి 2011లో బయటపడింది. అసినిక్ సెల్‌లో ఎన్‌ఆర్4ఏ3 జన్యువు మేల్కొంటుందని 2019లో తేలింది. ఇప్పుడు దానికి విడి రంగే ఉంది.

సెక్రెటోరీ కార్సినోమాలోని ఈటీవీ6–ఎన్‌టీఆర్‌కే3 అతుకు అన్నింటికంటే అదృష్టం కలిసొచ్చినది. ఆ అతుకును నేరుగా అణచే లారోట్రెక్టినిబ్ మాత్రకు 2018 నవంబరులో అమెరికా అనుమతి లభించింది. ఆపరేషన్‌కు లొంగని, పాకిన దశలో ఉన్న రోగికి ఈ మాత్ర గొప్ప ఊరట. కానీ నివేదికలో పాత పేరే ఉండిపోతే ఆ మాత్ర ఆలోచనే ఎవరికీ రాదు. పేరు మారితే చికిత్స మారుతుంది అనడానికి ఇంతకంటే గట్టి ఉదాహరణ అక్కర్లేదు.

ప్రతి గడ్డకూ ఈ పరీక్షలు అవసరం లేదు, ఆ ఖర్చు న్యాయం కూడా కాదు. మామూలు హెమటాక్సిలిన్–ఇయోసిన్ రంగుతోనే నిపుణులు చాలావాటిని గుర్తిస్తారు. ఎస్100, సాక్స్10, డాగ్1, మ్యామగ్లోబిన్, పీ63 వంటి కొద్ది రంగులు మిగిలినవాటిలో అధిక భాగాన్ని తేలుస్తాయి. జన్యు పరీక్ష అన్నది ఆ తర్వాతా మిగిలిన కొన్నింటికి, లేదా మందు ఎంపిక దానిమీద ఆధారపడినప్పుడు.

సీసా, బ్లాకు, కవరు

పై పరీక్షలన్నీ నిలబడేది ఒక ప్లాస్టిక్ సీసా మీద. ఆపరేషన్‌లో తీసిన గడ్డను వెంటనే 10 శాతం బఫర్డ్ ఫార్మలిన్‌లో, కండ పరిమాణానికి పది రెట్లు ద్రవం ఉండేలా వేయాలి. మామూలు సెలైన్‌లో వేస్తే రాత్రికి రాత్రే కుళ్లుతుంది. స్పిరిట్‌లో వేస్తే రంగు పరీక్షలు చెడతాయి. ఇరుకు మూతి సీసాలో కుక్కితే మధ్య భాగానికి ఫార్మలిన్ అందదు. రోజుల తరబడి అందులోనే వదిలేస్తే జన్యు పదార్థం ముక్కలవుతుంది. 6 గంటలకు తక్కువ కాకుండా, 72 గంటలు మించకుండా ఉంచడం మంచి పద్ధతి. ఎండాకాలం 40 డిగ్రీలకు చేరే కోవిల్పట్టి వంటి చోట ఒక గంట ఆలస్యం చల్లటి ఊళ్లోని గంటతో సమానం కాదు. ఇదంతా పెద్ద యంత్రాలతో పని లేనిది. ఆపరేషన్ గదిలో ఒక సీసా, ఒక చీటీ, ఒక బాధ్యతగల మనిషి ఉంటే చాలు. చిన్న ఆసుపత్రి పెద్ద ఆసుపత్రికి ఏ మాత్రం తీసిపోకుండా చేయగల పని ఇదే.

తర్వాత ఆ కండను మైనంలో అమర్చి బ్లాకు చేస్తారు. మామూలు గది వేడిమిలో బ్లాకు ఏళ్ల తరబడి చెడదు. రోగి కదలకుండానే బ్లాకు, స్లైడ్లు కవర్లో మదురైకో, చెన్నై అడయారుకో, వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకో, ముంబై టాటా మెమోరియల్‌కో వెళ్లగలవు. రెండో అభిప్రాయం అడగడం మొదటి పాథాలజిస్టును అవమానించడం కాదు. అరుదైన కణితి అని అనుమానం రాగానే స్లైడును తానే పంపే పాథాలజిస్టు గౌరవించదగ్గవాడు. దేశంలోని క్యాన్సర్ కేంద్రాలను కలుపుతూ 2012లో ఏర్పడిన నేషనల్ క్యాన్సర్ గ్రిడ్ ఉద్దేశాల్లో ఒకటి అన్ని చోట్లా ఒకే స్థాయి వైద్యం అందేలా చూడడం. ఖర్చు విషయానికి వస్తే, తమిళనాడు ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్య బీమా పథకం 2012 నుంచి అమల్లో ఉంది. తెలుగు రాష్ట్రాల పాఠకులకు 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఎలాంటిదో ఇదీ అలాంటిదే. ఆపరేషన్ ఖర్చు కంటే ముందు నిర్ధారణ ఖర్చు దగ్గరే ఆగిపోయే కూలి కుటుంబాలున్నాయి. బీమా పథకాలు రంగు పరీక్షలకు, రెండో అభిప్రాయానికి ఇంకా ఉదారంగా ఉండాలన్నది ఈ రంగంలో అత్యవసరమైన మార్పు.

కోవిల్పట్టి, విరుదునగర్ పల్లెల్లోనే కాదు, తెలుగువారు ఎక్కడున్నా, చెవి కింద గాని దవడ కింద గాని అంగిలి మీద గాని మూడు వారాలు దాటినా తగ్గని గడ్డ ఉంటే బోధనాసుపత్రిలో చూపించుకోండి. చెవి కింది, దవడ కింది గడ్డనైతే సూది పరీక్ష కాకముందు ఎవరినీ కోయనివ్వకండి. తీసిన గడ్డను పరీక్షకు పంపారా అని అడగండి, ‘మామూలు గడ్డే’ అన్నా సరే. నివేదిక, స్కానులు ఒక సంచిలో భద్రం చేయండి. స్లైడ్లు, బ్లాకు ఏ ల్యాబులో ఉన్నాయో, వాటి సంఖ్య ఎంతో రాసి పెట్టుకోండి. భారత వైద్య మండలి 2002 నిబంధనల ప్రకారం రోగి కోరితే వైద్య రికార్డులను 72 గంటల్లో ఇవ్వాలి.